గృహవిజ్ఞానము: కదలని కారు

కుక్కరు ఈల వేయకున్నచో మన గృహిణి వెంటనే అది పాడైనదని అంగడికి పంపదు. రబ్బరు సరిగా కూర్చున్నదో లేదో, ఆవిరి రంధ్రములో మెతుకు చిక్కినదేమో తానే చూచుకొనును. అదే గృహిణి, వాకిటనున్న కారు కదలకపోయినచో, తాళపుచెవి మరియొకరి చేతికిచ్చి ప్రక్కకు తొలగి నిలుచును. ఈ భేదమేల యుండవలెనో మాకు బోధపడలేదు.

భవానీపురమునుండి మా చదువరియగు ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ నెల మేమీ విషయము నెత్తుకొనుటకు కారణము. ఆమె మామగారికి వారమునకు మూడుమారులు డయాలిసిస్ జరుగును. ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోవు భారమామెదే. తెల్లవారుజామున తాళము త్రిప్పగా కారు ‘టక్కు’మని ఊరకుండును, నాలుగైదుసార్లు త్రిప్పినచో ఒక్కొక్కనాడు పలుకును, ఒక్కొక్కనాడు పలుకదు. బ్యాటరీ పోయినదనిరి, మార్పించినది. పదిదినములకు మరల అదే తీరు. ఇప్పుడు స్టార్టరు మోటారు పోయినదనుచున్నారట. “అదికూడ మార్పింపవలెనా?” అని ఆమె ప్రశ్న.

మార్పించుటకు ముందు పరీక్షింపవలెను. పరీక్షకు మొదటి సాధనము చెవి. మొండికెత్తిన కారు మూడు విధములుగా నుండును: ఏ చప్పుడును చేయకుండుట, టిక్కుటిక్కుమని ఆగిపోవుట, ఇంజను గిరగిర తిరుగుచునే అంటుకొనకుండుట. ఈ మూటికిని మూలములు వేరు. ఇంజను చురుకుగా తిరుగుచున్నప్పుడు బ్యాటరీ మార్చుమనువారి మాట వినవలసిన పనిలేదు. బ్యాటరీలో సత్తువ లేనిచో అది అట్లు తిరుగనే తిరుగదు గదా!

చప్పుడే లేనప్పుడు తొందరపడక చిన్న సంగతులు చూడుడు. ఆటోమాటిక్ కారైనచో గేరు ‘పీ’లో నున్నదా? తక్కిన కార్లలో, అందును క్రొత్తవానిలో, క్లచ్చి పూర్తిగా తొక్కనిదే స్టార్టరు కదలదు. మీట నొక్కి నడుపు కార్లలో తాళపుచెవిలోని బిళ్ల బ్యాటరీ నీరసించియుండవచ్చును. అట్టిచో పెక్కు కార్లలో తాళపుచెవిని ఆ మీటకే ఆనించి నొక్కిన పనిచేయును.

టిక్కుమను కారునకు రెండవ పరీక్ష దీపములు. ముందు దీపములు వెలిగించి తాళము త్రిప్పుడు. అవి కొడిగట్టినట్లు మ్రగ్గిపోయినచో బ్యాటరీలో శక్తి చాలదు, లేదా శక్తి వచ్చుదారి ఇరుకైనది. ఏ మార్పును లేక వెలుగుచున్నచో విద్యుత్తు స్టార్టరువరకు చేరుటలేదనుట. దీపములు వెలుగుచున్నవి గనుక బ్యాటరీ మంచిదేయని కొందరందురు. అది పొరపాటు. ఒక దీపమునకు నాలుగైదు ఆంపియర్లు చాలును. స్టార్టరునకు నూరు, రెండునూర్లు కావలెను. పాచిపట్టిన గొట్టము చెంబు నింపగలదు గాని గంగాళము నింపగలదా?

ఆ పాచి పట్టు చోట్లలో మొదటిది బ్యాటరీ తలలు. వానిపై తెల్లగా గాని, నీలిపచ్చగా గాని పొడి పేరుకొనియున్నచో, గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి పాతబ్రష్షుతో కడుగుడు. ఆ పొడి ఆమ్లమువలన పుట్టినది. సోడా దానిని విఱుచును. తీగలు విప్పునప్పుడు నల్లది, అనగా మైనస్‌ది, ముందు విప్పవలెను. బిగించునప్పుడు దానినే కడపట బిగింపవలెను. పని ముట్టుకొనకముందే బంగారు గాజులును ఉంగరములును తీసి లోపల పెట్టుడు. మట్టిగాజులకు భయములేదు గాని, బంగారము విద్యుత్తునకు మంచి దారి. ప్లస్సునకును కారు ఇనుమునకును నడుమ గాజు తగిలినచో చేయి కాలును. కొంగును జడయును ఫ్యానుకును బెల్టునకును దూరముగా నుండవలెను.

మూడవ సాధనము మల్టీమీటరు. మిక్సీ వెలలో చిన్న భాగము చెల్లించిన ఒకటి దొరకును. రాత్రియెల్ల నిలిచియున్న కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నది, 12.2 సగము, 12కు దిగినచో దాదాపు రిక్తము. స్టార్టరు తిరుగునప్పుడు తొమ్మిదిన్నరకు దిగువ పడరాదు. ఇంజను నడచుచుండగా సాధారణముగా 13.5కును 14.5కును నడుమ నుండవలెను. ఆ మాత్రము లేనిచో ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుటలేదు. ఎన్ని క్రొత్త బ్యాటరీలు వేసినను అవియు ఎండిపోవును. మన బెజవాడ ఎండలు బ్యాటరీల ఆయువును తినివేయును గనుక, మూడునాలుగేండ్లు నిండినదానిపై అనుమానము న్యాయమే. కాని భవానీపురపు సోదరి బ్యాటరీ క్రొత్తది, 12.6 చూపినది.

అందుచేత ఆమెకు మేము మరియొక పరీక్ష వ్రాసి పంపితిమి. గేరు న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, మీటరు ఎఱ్ఱముల్లు ఇంజను ఇనుముపైనను, నల్లముల్లు బ్యాటరీ మైనస్‌పైనను ఆనించి, మరియొకరిచేత తాళము త్రిప్పింపుమంటిమి. అర వోల్టు మించరాదు. ఆమెకు రెండు వోల్టులు దాటినవి! ఇంజనుకును మైనస్‌కును కలుపు ఎర్తు పట్టీ నట్టు క్రింద పచ్చని చిలుము పట్టియున్నది. నట్టు విప్పించి ఉప్పుకాగితముతో రుద్దించి బిగింపించినది. మోటారు మార్పింపలేదు.

ఆ చిలుమునకు కారణమును లేఖలోనే కలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గండ్లుపడి నీరు నగరముపైబడినప్పుడు ఆమె వీధిలో కార్లు నీట నిలిచినవి. అదే సమయమున కృష్ణలో ప్రకాశం బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. నీరు దిగినది, కారు కడిగించిరి, కొన్నాళ్లు నడచినది కూడ. తడిసిన రాగి మాత్రము లోలోపల చిలుము పట్టుచునే యుండును. నీట నిలిచిన కారునకు ఏడాది తరువాత వింత జబ్బులు పుట్టినచో ముందు కనెక్షన్లను అనుమానించుట మేలు.

ఇట్టి పని స్త్రీలకు క్రొత్తదని యెవరైన నన్నచో మాకు నవ్వు వచ్చును. 1888 ఆగస్టులో బెర్తా బెంజి యనునామె, భర్త కార్ల్ బెంజి నిర్మించిన మోటారుబండిలో తన ఇద్దరు కుమారులతో జర్మనీలోని మన్‌హైమునుండి పోర్జ్‌హైమునకు ప్రయాణము చేసినది. దారిలో ఇంధనపు గొట్టము మూసికొనగా టోపీసూదితో పొడిచినదనియు, తీగపైపొర అరిగిపోగా తన మేజోటి పట్టీని చుట్టినదనియు చెప్పుదురు. విజయవాడలోని బెంజి సర్కిల్ పేరు ఎట్లు వచ్చిననేమి, ఆ దారిన పోవునప్పుడు మాకు ఈమెయే జ్ఞప్తికి వచ్చును.

ఇంజను తిరుగుచును అంటుకొననిచో డాషుబోర్డుపై తాళము గుర్తుగల దీపము మినుకుమినుకుమనుచున్నదేమో చూడుడు. కారు మీ తాళపుచెవిని ఆనవాలు పట్టుటలేదన్నమాట. ఇంటిలోనున్న రెండవ తాళపుచెవితో ప్రయత్నింపుడు. పెట్రోలు కారైనచో, తాళము సగము త్రిప్పగానే వెనుకసీటు దిక్కున రెండు క్షణములు సన్నని మ్రోత వినబడవలెను, అది పంపు. వినబడనిచో దాని ఫ్యూజు చూడుడు. ఫ్యూజుల రంగులకు అర్థము కలదు: ఎఱుపు 10 ఆంపియర్లు, నీలము 15, పసుపు 20, ఆకుపచ్చ 30. కాలినదానికి అదే రంగుది వేయవలెను. పెద్దది వేయుట, తీగముక్క చుట్టుట తీగలను తగులబెట్టుకొనుటయే. వేసిన వెంటనే మరల కాలినచో లోపల ఎక్కడనో షార్టున్నది. అంతటితో చేతులు తీసివేసి ఆటోనగరుకు కబురు పంపుడు. విద్యుత్తుకార్లలోని నారింజరంగు తీగలజోలికి ఎన్నడును పోరాదు.

నీట మునిగిన కారును మాత్రము పరీక్షకైనను స్టార్టు చేయరాదు. సిలిండరులో నీరున్నచో పిస్టను దానిని నొక్కజాలక లోపలి కడ్డీలు వంగును. నీరు దిగిన పిదప, లోపలంతయు తడిగా నున్నను, మైనస్ తీగ విప్పించి, నీరు ఎంతవరకు వచ్చినదో గుర్తు కనబడునట్లు ఫోటోలు తీసి, బీమా కంపెనీకి తెలిపి, తాడుతో గాక బండిపైకెక్కించి పంపుడు. నీటిలో స్టార్టు చేయుటవలన ఇంజను చెడినచో, ఇంజనుకు ప్రత్యేక రక్షణ కొననివారికి సామాన్య పాలసీ క్రింద ఆ నష్టము సాధారణముగా ఈయరు. పాలసీ కాగితములో ఆ మాట ఉన్నదో లేదో వర్షములకు ముందే చూచి పెట్టుకొనుడు.