అక్కా, మీ సొమ్ము మీ తర్వాత ఎవరికి పోతుందో తెలుసా?



ఈ కాగితంలో బజ్జీలు చుట్టేలోపు ఒక్కసారి చదవండి. మేం ఓట్లు అడగడం లేదు, చీటీలో చేరమనీ అనడం లేదు.

పుట్టింటి ఆస్తిలో వాటా గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో తెలుగునాట పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. దేశమంతటా అమలు కావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ వాటా మనలో ఎంతమందిమి తీసుకున్నాం, ఎంతమందిమి అన్నదమ్ములతో రాకపోకలు తెగిపోతాయని వేలిముద్ర వేసి వదిలేశాం అన్నది ఇంకో కరపత్రం. ఇవాళ్టి సంగతి, ఇప్పటికే మీ పేరున ఉన్నదాని గురించి.

"నా పేరున ఏముందమ్మా" అంటారా? ఇంటి పట్టా ఎవరి పేరున ఇచ్చారు? బ్యాంకులో డిపాజిట్టు, పోస్టాఫీసు పుస్తకం, మెడలో గొలుసు, లాకర్లో గాజులు, సంఘంలో పొదుపు, పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం... ఇవన్నీ ఎవరివి? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇవి పూర్తిగా మీవే. మీ ఆయన సంతకం అక్కర్లేకుండా అమ్ముకోవచ్చు, నచ్చినవారికి ఇచ్చుకోవచ్చు. కానీ ఏమీ రాయకుండా కన్నుమూస్తే ఎవరికి చెందాలో అదే చట్టం నిర్ణయిస్తుంది. అక్కడుంది తిరకాసు.

మొదటి వరసలో పిల్లలు, భర్త ఉంటారు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అయితే భర్త వదిలేసి పదేళ్లయినా, కోర్టులో విడాకులు కాకపోతే అతనూ వారసుడే. ఇక పిల్లలు లేరు, భర్త లేడు అనుకోండి. రెండో వరసలో మీ అమ్మానాన్నలుంటారని మీరనుకుంటారు. కాదు, భర్త తరఫు వారసులుంటారు. వాళ్లలో ఎవరూ లేకపోతేనే కన్నతల్లి వంతు వచ్చేది.

ఇది మేం కల్పించి చెబుతున్న భయం కాదు. 2009లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు చూడండి. ఒకావిడకు పెళ్లయిన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోయాడు. అత్తింటివాళ్లు తరిమేశారు. అమ్మానాన్నలు తెచ్చుకుని చదివించారు. ఉద్యోగం వచ్చింది, ఆమె సొంతంగా సంపాదించుకుంది. పెళ్లయిన నలభై ఏళ్ల తర్వాత, 1996లో, వీలునామా రాయకుండా చనిపోయింది. ఆ డబ్బుకు ముసలి తల్లి దరఖాస్తు పెట్టుకుంది, భర్త సోదరి కొడుకులూ పెట్టుకున్నారు. ఆమె ముఖం చూడని ఆ మేనల్లుళ్లకే దక్కింది. జాలిపడి చట్టాన్ని మార్చలేం అన్నట్టుగా సాగింది తీర్పు. ఒక్క తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసిపెట్టి ఉంటే ఆ తల్లి కోర్టు మెట్లెక్కేది కాదు.

"మా నాన్న ఇచ్చిన పొలం మా నాన్నవైపే పోతుందిగా?" అని మా సంఘంలోనే ఒక పిన్నిగారు అడిగారు. నాన్న పోయాక వారసత్వంగా వచ్చినదైతే, పిల్లలు లేనప్పుడు, అవును. కానీ పెళ్లప్పుడు దానపట్టా రాసిచ్చిన పొలం వారసత్వం లెక్కలోకి రాదు. పసుపు కుంకుమల పొలం కూడా అత్తింటి దారే పట్టవచ్చు! పిన్నిగారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట.

చట్టం సరైనదా కాదా అన్న వాదన కోర్టులోనే నడుస్తోంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఆడవాళ్లందర్నీ, ముఖ్యంగా హిందూ స్త్రీలను, వీలునామా రాసుకోమని కోరింది. కోర్టే అడిగాక మనం ఇంకెవరి కోసం ఆగాలి?

రాయడం కష్టమేమీ కాదు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఏ ఆస్తి ఎవరికో స్పష్టంగా రాయాలి: పొలమైతే సర్వే నంబరు, ఇల్లైతే హద్దులు, బ్యాంకైతే ఖాతా నంబరు. తేదీ వేసి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టాలి, వాళ్లూ సంతకం చేయాలి. చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చు, కాకపోతే చదివి వినిపించిన సంగతి అందులో రాయించండి. ఆస్తి అందుకోబోయేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. మీకంటే చిన్నవాళ్లను పెట్టుకోండి, రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్లే కదా. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు, చేస్తే మంచిది. మనసు మారితే కొత్తది రాసుకోవచ్చు, ఎన్నిసార్లైనా.

ఒక్క హెచ్చరిక. "వీలునామా ఎందుకమ్మా, ఇప్పుడే రిజిస్ట్రేషన్ చేసెయ్" అని కొడుకో కూతురో తొందరపెడితే ఆగండి. వీలునామా మీ తర్వాతే అమల్లోకి వస్తుంది. దానపట్టా అలా కాదు, సంతకం పెట్టిన రోజు నుంచే ఇల్లు మీది కాదు. ఇవ్వాలనే అనుకుంటే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. అరవై దాటిన తల్లిదండ్రులు, పిల్లలు చూడకపోతే, 2007 నాటి చట్టం కింద ఆర్డీఓ దగ్గర ఆ పట్టా రద్దు చేయమని అడగవచ్చు. కాగితంలో షరతు ఉంటే ఆ దారి సులువవుతుంది.

నామినీ పేరు రాశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. బ్యాంకు నామినీ డబ్బు తీసుకుని అసలు వారసులకు అప్పగించాల్సిన మనిషే. కాబట్టి నామినీ ఉన్నా వీలునామా కావాలి.

ముస్లిం చెల్లెళ్లకు లెక్క వేరు. మిగతా వారసులు ఒప్పుకోకపోతే ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. క్రైస్తవులకు 1925 నాటి వారసత్వ చట్టం వర్తిస్తుంది, వాళ్లూ రాసుకోవచ్చు.

వకీలు ఫీజుకు భయపడేవాళ్లు 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా సాయం చేస్తారు.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మన రామాలయం అరుగు మీద కూర్చుంటున్నాం. పాస్‌బుక్కుల జిరాక్సులు, ఆధార్ తెచ్చుకోండి. కాగితాలు, పెన్నులు, టీ మావి. మగవాళ్లు కూడా రావచ్చు, సాక్షులు కావాలి కదా. నాగమ్మవ్వను ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకురండి, ఆవిడకు మెట్లు కష్టం.

— మీ వీధి పొదుపు సంఘం ఆడవాళ్లం