విత్తు మోసము - రైతు హక్కు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో రైతు అప్పుచేసి విత్తనములు కొని, అవి మొలవకున్న తన ప్రారబ్ధమనుకొని యూరకుండును. నాసివిత్తు అమ్మినవాని దోషము కొన్నవాని ప్రారబ్ధ మెట్లగును?

జాతీయ విత్తన సంస్థకును ఆంధ్రరైతులకును నడచిన వ్యాజ్యమున 2012లో సుప్రీముకోర్టు, విత్తనము కొన్న రైతు వినియోగదారుడేయనియు, పరీక్షకు విత్తనము దాచియుంచలేదన్న సాకుతో అతని ఫిర్యాదును త్రోసివేయరాదనియు తీర్మానించినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా 2020 జులైలో అమలునకు వచ్చిన 2019 నాటి చట్టమునందును ఆ హక్కు నిలిచియున్నది. మన రెండు పట్టణములందును జిల్లా కమిషనులు గలవు. కొన్న సరకు వెల ఐదులక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. ప్లీడరును పెట్టుకొనవలెనన్న నిర్బంధము లేదు. ప్లీడరులమైన మేమే ఈ మాట చెప్పుచున్నాము.

అయినను సాక్ష్యము వలయును. రేపిచ్చెదమని రసీదు ఎగవేయు వర్తకులు కలరు. రసీదియ్య నిరాకరించుటయే అన్యాయ వ్యాపారమని 2019 చట్టము చెప్పుచున్నది. కావున చదువరులారా! ఈ మాటలను పఠనమందిరమున విడిచిపోక, తొలకరికి ముందే మీ గ్రామములలో చదివి వినిపింపుడు. రసీదును, విత్తనపు సంచిని పంట యింటికి వచ్చువరకు దాచుకొనుమనుడు. అడుగని హక్కు అటకమీది ధాన్యము వంటిది, ఆకలి తీర్చదు.