చిక్కంతా బిగింపులోనే!

కారు చక్రాల నట్లు విప్పడానికి బ్యాటరీ ఇంపాక్ట్ రెంచి కొందామనుకుంటున్నారా? పెట్టె మీది పెద్ద అంకె చూసి మురిసిపోకండి. అది తరచు విప్పే బలం లెక్క. లోపలి సుత్తి దెబ్బ మీద దెబ్బ వేసి మొండి నట్టును కదిలిస్తుంది. చిన్న కార్ల నట్లకు కావలసిన బిగింపు సుమారు 85 నుంచి 130 న్యూటన్ మీటర్లే. కనుక 300, 400 బలం గలది ఇంటికి చాలు. వెయ్యి బలం గలదాన్ని లారీ షెడ్లకు వదిలేయండి.

సాకెట్లు మాత్రం ఇంపాక్ట్ రెంచికని చేసిన నల్లనివే కొనండి. మెరిసే మామూలు సాకెట్లు ఆ దెబ్బలకు పగిలి, ముక్కలు కంట్లో పడవచ్చు.

అసలు చిక్కు బిగించడంలో ఉంది. మీట అదిమిపట్టి బిగిస్తే బోల్టు సాగుతుంది, మరలు చెడతాయి. రేపు నడిదారిలో మీ అమ్మాయి ఒక్కతే స్టెప్నీ మార్చవలసివస్తే ఆ నట్టు కదలదు! నట్లు చేతితో ఎక్కించి, ఎదురెదురువి వరుసగా బిగించండి. చక్రం నేలకు దింపాక చివరి బిగింపు టార్క్ రెంచితో ముగించండి.

ఎండలో నిలిపిన కారులో బ్యాటరీ ఉంచవద్దు. అది ఏ వేళ ఖాళీ అవుతుందో తెలియదు గనుక పాత చేతి స్పానరును డిక్కీలోంచి తీయవద్దు. కొత్త కోడలు వచ్చిందని అత్తగారిని వెళ్లగొడతామా?