పాట మిగిలెను, పాడినదెవరు?

హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు త్రోవ కిరుప్రక్కల గల మర్రిమ్రాకులను మీలో ననేకులు చూచియేయుందురు. త్రోవను వెడల్పు చేయుటకై వానిని కొట్టివేయుదురని తెలిసినప్పుడు వృక్షప్రియులు కొందఱు నడుము గట్టి యొక్కొక్క చెట్టును లెక్కించిరి. సుమారు 900 అని తేలినది. ఏ చెట్టు ఎచ్చట నున్నదో పటమునందు గుఱుతులు సైతము పెట్టిరి. చాల మెచ్చదగిన పని. ఆ చెట్ల కావలి పొలములలో నాట్లు వేయుచు, కలుపు తీయుచు గొంతెత్తి పాడిన స్త్రీలకు మాత్రము అట్టి పట్టిక యేదియు నాకు కనబడలేదు.

మొయినాబాదు దాపుననున్న పెదమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారి పేర 1978లో ఒక జిల్లాయే యేర్పడినది. ఆయన చేసిన ప్రజాసేవ యట్టిది. అదే సీమలో నలువదేండ్లు బతుకమ్మ చుట్టు తిరిగి పాట నెత్తి యిచ్చిన ముసలమ్మ పేరేమని యడిగినచో, ఆమె మనుమరాలు సైతము తడవుకొనును. ఏలయన, ఆమెను పేరు పెట్టి పిలిచినవారే తక్కువ. పుట్టినింట ఫలానావారి బిడ్డ, మెట్టినింట ఫలానావారి కోడలు, పిమ్మట పెద్దకొడుకు పేర ఫలానావాని తల్లి. పత్రములలో నున్న పేరొకటి, నోటిలో నున్నది వేఱొకటి. పాటకు కర్త పేరు లేకపోవుట వింత గాదు. పాడినయామెకే పేరు లేదు!

మన పల్లె పాట పనితో ముడివడియున్నది. రోలు పోయినంతనే దంపుడు పాట పోయినది; పిండిమర వచ్చినంతనే తిరుగలి పాట మూలబడినది. పొలములు ఇండ్ల స్థలములుగా మాఱిన చోట నాట్ల పాట ఎవరు పాడుదురు? బతుకమ్మ పండుగ నిలిచియున్నది, సంతోషము. కాని యంత్రమున పట్టియుంచిన పాట పెద్దగొంతుతో మ్రోగుచుండగా, పూర్వము తానొక చరణము పలికి పదిమందిచేత పలికించిన అవ్వ అరుగుమీద కూర్చుండి చూచుచున్నది. ఆమెను పాడవద్దని యెవ్వరును అనలేదు. ఆమె గొంతు వినబడుటకు చోటు లేకపోయినది, అంతియే.

ఒక సంగతి యున్నచో వేఱొకటి నశించుట లోకమున కలదు. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408-1503) సంకీర్తనములు రాగిఱేకులపై చెక్కబడి తిరుమల యాలయములోని యొక యఱలో దాగి, 1922లో బయటపడినవి. 12,000కు పైగా పదములు మనకు దక్కినవి. కర్త పేరును, రాగము పేరును గలవు. స్వరములు మాత్రము వ్రాయబడలేదు. కావున నేడు మనము వినుచున్న వరుసలలో చాలవరకు ఇరువదవ శతాబ్దమువారు కట్టినవే. రాగి సైతము గొంతును దాచలేకపోయినది.

కాంబోడియా దేశమున దీనికి విపరీతముగా జరిగినది. అచ్చట 1960, 1970 ప్రాంతములలో సిన్ సిసాముత్, రోస్ సెరెయ్ సొథియా మొదలగువారు పాశ్చాత్య వాద్యములతో తమ ఖ్మేరు పాటను కలిపి దేశమంతటిని ఉఱ్ఱూతలూగించిరి. 1975 ఏప్రిలు 17వ తేదీన ఖ్మేర్ రూజ్ దళములు రాజధాని యగు నాంపెన్ నగరమును పట్టుకొన్నవి. తరువాతి నాలుగేండ్లలో సుమారు 17 లక్షలమంది మరణించిరని చరిత్రకారులు చెప్పుదురు. గాయకులలో పలువురు ఎచ్చట, ఎట్లు కన్నుమూసిరో నేటికిని తేలలేదు. రికార్డులు కొన్ని మిగిలినవి, గొంతులు మిగిలినవి. బ్రదుకులకు సంబంధించిన కాగితములే కొఱవడినవి. జాన్ పిరోజీ యనునాయన బ్రదికియున్న బంధువులను, తోటివారిని అడిగి యడిగి, యేండ్లతరబడి శ్రమించి 2014లో వారి కథను చలనచిత్రముగా వెలువరించెను. ఆ యేటనే సిసాముత్ కుటుంబమునకు సుమారు 180 పాటలపై హక్కు లభించినది. పాట యెవరిదో తెలియుటవలన ఇంటివారికి కలుగు మేలు ఇట్టిది.

మనవారు ఊరకుండిరని చెప్పరాదు. కృష్ణశ్రీగారు కూర్చిన స్త్రీల రామాయణపు పాటలను 1955లో హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రకటించినది. బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయసాహిత్యము 1958లో గ్రంథముగా వచ్చినది. ఈ పాటలలో కౌసల్య పురిటినొప్పులు, ఊర్మిళ నిదుర వంటి ఘట్టములకు ఎంత చోటున్నదో వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఒక వ్యాసమున చక్కగా వివరించిరి. అయితే ఇట్టి సంపుటములలో పాట దొరకినంత సులువుగా పాడినయామె దొరకదు. పండ్రెండు మెట్ల కిన్నెర మీటి పాలమూరు పండుగ సాయన్న కథను పాడిన దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. ఆయనకు చేత కిన్నెరయైన నున్నది. నాటు వేయునామె చేత వరినారు తప్ప మఱేమున్నది?

ఈ పని పండితులే చేయవలెనని లేదు. చదువు వచ్చిన కోడలు, సెలవులకు వచ్చిన కూతురు చేయవచ్చును. నేడు ఇంటింట సెల్‌ఫోనున్నది. గొంతును పట్టుట సులభమే. కాని ఫోను మాఱినప్పుడు పాటయు పోవును, మిగిలినను ఎవరిదో తెలియకపోవును. కావున పాట మొదలిడకమున్నే ఆమెచేతనే తన పేరు, పుట్టిన యూరు, మెట్టిన యూరు, ఆ పాట నెవరివద్ద నేర్చినదియు చెప్పించవలెను. ఈ కడపటి సంగతి ముఖ్యము. పాట ఆడుబిడ్డతోపాటు అత్తవారింటికి ప్రయాణము చేయును. చేవెళ్లలో విన్న పాట పరిగిలోనో శంకరుపల్లిలోనో పుట్టియుండవచ్చును. చరణములను ఆమె పలికినట్లే వ్రాయుడు. మన పుస్తకభాషలోనికి దిద్దినచో అది మన పాట యగును గాని యామెది కాదు. ఎవరికి వినిపింపవచ్చునో, ఎవరికి కూడదో ఆమెనే యడుగుడు. చావుయింట పాడు ఏడ్పుపాటను పండుగనాడు పాడుమని బలవంతపెట్టకుడు.

ఎంగిలిపూల నాటినుండి సద్దుల బతుకమ్మ వఱకు తొమ్మిది దినములు కలవు. మధ్యాహ్నము పూలు పేర్చువేళ యంత్రము మ్రోగదు; అవ్వల చేతులు తంగేడును, గునుగును సవరించుచుండగా పాట తనంతట వచ్చును. ఒక నోటుపుస్తకము, ఒక కలము దగ్గఱ నుంచుకొనుడు.