తోడేళ్ళకూ పొరుగూరి సంబంధమే!

మొన్న మా అమ్మ మళ్ళీ మేనరికం మాట యెత్తింది. "నీ చెల్లెలి కూతురు. కళ్ళయెదుట పెరిగిన పిల్ల. మనవాడికి ఇంతకంటె మంచి సంబంధం యెక్కడ దొరుకుతుంది?" అన్నది. వాదించి నెగ్గలేను గనుక తోడేళ్ళ కథ చెప్పాను.

అమెరికాలో సుపీరియర్ సరస్సు నడుమ ఐల్ రాయల్ అనే దీవి వుంది. 1940 ల చివర, గడ్డకట్టిన సరస్సు మీద నడిచి కొన్ని తోడేళ్ళు అక్కడికి చేరాయి. దీవినిండా మూస్ అనే భారీ దుప్పులు, తిండికి కొదవలేదు. 1980 నాటికి తోడేళ్ళు 50 అయినాయి. తరువాత కుక్కల జబ్బు సోకి, 1982 కి 14 మిగిలాయి.

పెళ్ళాడదామంటే యెటు చూసినా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే! ప్రతి జీవిలోనూ కొన్ని లోపాలు దాగి వుంటాయి. అదే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే బయటపడుతుంది. యెముకలు పరీక్షిస్తే, సగానికిపైగా తోడేళ్ళకు వెన్నుపూసలు సరిగా లేవు.

1997 లో మంచు మీదుగా కొత్త మగతోడేలు ఒకటి వచ్చింది. మంద కొన్నాళ్ళు తేరుకుంది. కాని పోనుపోను అంతా దాని సంతానమే అయింది. 2016 లో మిగిలినవి రెండే: తండ్రీ, కూతురూ. పైగా ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలు! అదుపులేని దుప్పులు వేయి దాటి, లేతచెట్లను మేసేశాయి.

ఇప్పుడు సరస్సు గడ్డకట్టే చలికాలాలు అరుదు. అందుకని 2018, 2019 లలో మనుషులే 19 తోడేళ్ళను తెచ్చి వదిలారు. 2024 లో అవి సుమారు 30.

అంతా విని అమ్మ, "సరే, పొరుగూరి సంబంధమే చూడు. మంచు కరగకముందే!" అన్నది.