నలభై ఇడ్లీల లెక్క

పిల్లలూ,

ఈ నెల మీకొక లెక్క ఇస్తాను. దానికి ముందు ఆ లెక్క వెనుక వున్న కథ చెబుతాను. ఈ కథలో తప్పు చేసినవాడు పిల్లవాడు కాదు, మాస్టారు. ఆ మాస్టారిని నేనే.

2004లో నేనొక పల్లెటూరి బడిలో హెడ్మాస్టరుగా వుండేవాణ్ణి. మా బడిలో ఒక తూకం యంత్రం వుండేది. నెలకొకసారి పిల్లలందరినీ దానిమీద నిలబెట్టి, బరువూ ఎత్తూ రిజిస్టరులో రాసేవాళ్ళం. నాలుగో తరగతిలో తొమ్మిదేళ్ళ పిల్లవాడొకడు వుండేవాడు. అసలు పేరు చెప్పను, శీను అనుకుందాం. తల్లీ తండ్రీ పనికోసం వేరే వూళ్ళో వుంటే, వాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు.

జూలై 1వ తేదీన శీను 24 కిలోలు తూగాడు. ఆటల పోటీలకు పేర్లు రాసుకుంటూ 11వ తేదీన మళ్ళీ తూచాము. ముల్లు 27 దగ్గర ఆగింది. బుగ్గలు పూరీల్లా పొంగి వున్నాయి. నేను నవ్వుతూ క్లాసందరి ఎదుటా, "ఏమిరా శీనూ, మీ అమ్మమ్మ సున్నుండలు చేస్తున్నదా? మాకు ఒక్కటైనా తేలేదేం?" అన్నాను.

పిల్లలంతా గొల్లున నవ్వారు. మాస్టారే నవ్విన తరువాత పిల్లలకు అడ్డేముంది? మర్నాటినుంచి వాడి పేరు "సున్నుండ" అయిపోయింది.

నాలుగు రోజులు పోయాక వాళ్ళ అమ్మమ్మ బడికి వచ్చి, గడప దగ్గరే నిలబడింది.

"పంతులుగారూ, పిల్లవాడు తిండి మానేశాడండీ. బళ్ళో పెట్టే అన్నం పక్కవాళ్ళకు ఇచ్చేస్తున్నాడట. ఇంట్లో రెండు ఇడ్లీలు పెడితే ఒకటి తిని లేస్తున్నాడు. తిండి లేని పిల్లవాడు చిక్కిపోవాలిగాని, వీడు లావవుతున్నాడేమిటండీ? మొలతాడు బిగుసుకుపోతే నిన్న నేనే వదులుచేశాను," అన్నది.

నాకు గుండె కలుక్కుమన్నది. నా మాటకు సిగ్గుపడే వాడు అన్నం మానేశాడు. అయినా బరువు తగ్గలేదు. ఆవిడను కూర్చోబెట్టి, సుద్దముక్క తీసుకుని నల్లబల్లమీద లెక్క వేశాను. ఆ లెక్కే మీకిప్పుడు ఇస్తున్నది.

మన ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే, అవసరానికి మించి సుమారు 7,700 కేలరీల ఆహారం తినాలి. కేలరీ అంటే ఆహారంలో వున్న శక్తిని కొలిచే కొలత. శీను పెరిగింది 3 కిలోలు. అంటే 23,100 కేలరీలు. పట్టిన కాలం 10 రోజులు. అంటే రోజుకు 2,310. మధ్యరకం ఇడ్లీ ఒకటి 60 కేలరీలు అనుకుందాం. 2,310ని 60తో భాగించండి. ముప్ఫై ఎనిమిదిన్నర వచ్చిందా? నలభై అనుకోండి. అంటే శీను రోజూ తినే తిండి తిని, ఆపైన మరో నలభై ఇడ్లీలు తింటేనే పది రోజుల్లో 3 కిలోల కొవ్వు పడుతుంది! ఆ పిల్లవాడు తింటున్నది ఒక్క ఇడ్లీ.

కనుక అది కొవ్వు కాదు. మరేమిటి? ఒక లీటరు నీళ్ళు ఎంత తూగుతాయి? ఒక కిలో. శీను ఒంట్లో చేరినవి మూడు లీటర్ల నీళ్ళు.

"పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బి వుంటున్నాయా?" అని అడిగాను.

"రెప్పలు తెరుచుకోవటమే లేదండీ. సాయంత్రానికి ఆ వాపు పాదాల్లోకి దిగుతున్నది," అన్నది ఆవిడ.

శీనును పిలిచి, మోకాలి కింద ఎముకమీద బొటనవేలితో కాసేపు నొక్కి తీశాను. మెత్తని మట్టిలో వేలు గుచ్చినట్టు అక్కడ గుంట పడి, అట్లాగే నిలిచిపోయింది.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం పక్కవూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాము. అక్కడి డాక్టరమ్మ వాడి మూత్రం ఒక గాజు గొట్టంలో పోసి, స్పిరిటు దీపంమీద కాచింది. చూస్తుండగానే అది కోడిగుడ్డు సొనలా తెల్లగా గడ్డకట్టింది. గుడ్డులోని సొన వేడికి గడ్డకట్టేది అందులో వున్న మాంసకృత్తుల వల్లనే. రక్తంలో వుండవలసిన మాంసకృత్తులు మూత్రంలో పోతున్నాయన్నమాట!

ఇది ఎట్లా జరుగుతుందో చెబుతాను. మన మూత్రపిండాలు రెండూ రక్తాన్ని వడగట్టే గుడ్డల వంటివి. మలినాలను వదిలి, పనికివచ్చేవాటిని వుంచుకుంటాయి. ఈ జబ్బులో ఆ గుడ్డ నేత వదులైపోతుంది. అల్బుమిన్ అనే మాంసకృత్తి ఆ సందుల్లోనుంచి జారిపోతుంది. రక్తనాళాల్లోని నీటిని బయటికి పోనీయకుండా పట్టివుంచేది అల్బుమినే. అది తగ్గగానే నీరు వూరి, చర్మం కిందికి చేరుతుంది. మూత్రపిండాలు కూడా ఉప్పునూ నీటినీ బయటికి పంపక నిలవచేస్తాయి. ఒళ్ళు వాస్తుంది. బరువు పెరుగుతుంది.

జిల్లా ఆసుపత్రిలో శీనుకు ప్రెడ్నిసొలోన్ అనే మందు ఇచ్చారు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి నాలుగు వారాల లోపలే ఆ మందు గుణమిస్తుంది. శీనుకూ ఇచ్చింది. వాపు దిగాక తూస్తే 23 కిలోలే వున్నాడు!

అయితే కథ ఇక్కడితో ఆగలేదు. ఆ తరువాత శీను మళ్ళీ లావెక్కసాగాడు. ఈసారి కారణం వేరు. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులున్నాయి. అవి కార్టిసాల్ అనే రసాన్ని తయారుచేస్తాయి. ప్రెడ్నిసొలోన్ ఆ రసానికి దగ్గరి చుట్టం. అది ఒంట్లో ఎక్కువైతే ఆకలి విపరీతమవుతుంది, ముఖం చంద్రబింబంలా గుండ్రమవుతుంది. మందు తగ్గించినకొద్దీ ఈ మార్పు మెల్లగా పోతుంది. కాని, "పిల్లవాడు లావవుతున్నాడు" అని ఆ మందును ఇంట్లోవాళ్ళు ఉన్నట్టుండి మాన్పించరాదు. మందు వాడినన్నాళ్ళూ ఒంట్లోని గ్రంథులు పని మాని వుంటాయి కనుక, అది ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగానే తగ్గించాలి. మూర్ఛకూ, మనోవ్యాధికీ వాడే కొన్ని మందుల వల్ల కూడా బరువు పెరగటం కద్దు. వాటికీ ఇదే నియమం: అడగాలి, అంతేగాని మానరాదు.

శీను తిరిగి బడికి వచ్చేనాటికి నేను క్లాసులో ఈ సంగతంతా చెప్పి వుంచాను. వాడు వచ్చినరోజున అందరి ఎదుటా, "శీనూ, నేను తెలియక నిన్ను ఎగతాళి చేశాను. తప్పు నాది," అన్నాను. వాడు తలవంచుకుని వూరుకున్నాడు. క్లాసు కూడా నిశ్శబ్దంగా వుంది. "సున్నుండ" అన్న పేరు మళ్ళీ నా చెవిన పడలేదు.

ఇక మరో సంగతి. మా రిజిస్టరులో బరువు పక్కనే ఎత్తు కూడా రాసేవాళ్ళమన్నాను గదా. దాని ఉపయోగమేమిటి? బరువు పెరుగుతూ ఎత్తుకూడా పెరిగే పిల్లవాడి సంగతి ఒకటి, బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిన పిల్లవాడి సంగతి మరొకటి. రెండోవాడిలో ఏదో గ్రంథి పనిచేయటం లేదేమో చూడాలి. గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి వుంటుంది. అది మందగిస్తే ఒళ్ళంతా మందగిస్తుంది. ఎండాకాలంలో కూడా చలి, పొడిచర్మం, మలబద్ధకం, ఎప్పుడూ అలసట, చదువులో మందకొడితనం, వాటితోపాటు కొంత బరువు. అట్లాంటివాణ్ణి మనం "సోమరిపోతు" అని తిడతాం!

1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణంలో జార్జి ముర్రే అనే యువ వైద్యుడు, ఈ జబ్బుతో వాచిపోయివున్న 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చాడు. ఆవిడ తేరుకున్నది. తరువాత ఆ మందును నోటితోనే ఇవ్వవచ్చునని తెలిసింది. ఆవిడ 74 ఏళ్ళు బతికి 1919లో చనిపోయింది. అన్నాళ్ళూ ఆమెకు మందు సమకూర్చటానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు కావలసివచ్చాయి. ఈనాడు గొర్రెలతో పని లేదు. థైరాక్సిన్ అనే చిన్న మాత్ర రోజూ వేసుకుంటే చాలు. రక్తపరీక్షతో జబ్బు తెలిసిపోతుంది.

"అయితే మాస్టారూ, తిండివల్ల బరువు పెరగనే పెరగదా?" అంటారేమో. పెరుగుతుంది. నిజానికి ఎక్కువమందికి అదే కారణం. కాని అది దొంగలా మెల్లగా వస్తుంది. 200 మిల్లీలీటర్ల తియ్యటి కూల్‌డ్రింకులో సుమారు 20 గ్రాముల చక్కెర, అంటే 80 కేలరీలు వుంటాయి. రోజుకొకటి అదనంగా తాగితే, కాగితంమీద లెక్కకు, సంవత్సరానికి 3 కిలోల పైచిలుకు. శీనుకు పది రోజుల్లో వచ్చిన బరువు ఇట్లా రావటానికి దాదాపు ఏడాది పట్టింది చూశారా! ఆటలు మాని ఫోను ముందు కూర్చున్నా, రాత్రి నిద్ర చాలక మర్నాడు ఆకలి పెరిగినా ఇంతే. ఇక పది, పన్నెండేళ్ళు దాటినవాళ్ళు ఏడాదికి 5, 6 కిలోలు పెరగటం చాలామందిలో సహజమే. అది ఎదిగే వయసు. దానికి భయపడి అన్నం మానరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. రోజుల్లో పెరిగిన బరువు, పొద్దుటిపూట ఉబ్బిన కళ్ళు, నురగతో పోయే మూత్రం, ఆగిపోయిన ఎత్తు: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక వైద్యుడికి చూపించండి. ఇంట్లో గుండెజబ్బు వున్న పెద్దలుంటే వారికీ ఇది వర్తిస్తుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు చేరిందన్న హెచ్చరిక కావచ్చు. వారిని రోజూ బరువు చూసుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే.

పిల్లలూ, ఈ నెల మీ ఇంటిపని ఇది. ప్రతి నెలా 1వ తేదీన తలుపు చట్టంమీద మీ ఎత్తుకు గీత గీయండి. వీలైతే బరువు చూసి, పక్కన రాయండి. మీ క్లాసులో ఎవరైనా ఉన్నట్టుండి లావైతే, పేరు పెట్టేముందు నలభై ఇడ్లీల లెక్క ఒకసారి వేసి చూడండి. నేను ఆ లెక్క నాలుగు రోజులు ఆలస్యంగా వేశాను. మీరు ఆలస్యం చేయకండి.