బిడ్డ ఇంకా చదువుతానంటే...



మొన్న ఒక సాయంకాలము తండ్రీకొడుకులు మా ఇంటికి వచ్చారు. ఎం.టెక్. ముగించిన ఆ అబ్బాయి ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో పి.హెచ్‌.డి. చేస్తానంటున్నాడు. "అయ్యగారూ, రెండేళ్లలో నేను రిటైరవుతాను. అమ్మాయి పెళ్లి ఇంకా కాలేదు. వీడేమో ఇంకో ఐదేళ్లు చదువంటాడు. మీరైనా చెప్పండి" అన్నారు తండ్రి.

"అసలు ఆ చదువేమిటి బాబూ?" అని కుర్రవాణ్ణి అడిగాను. అతడు బల్లమీది పుస్తకము తీసి, మూసినట్లే ఉంచి వంచాడు. "చూడండి, కాగితాలు ఒకదానిమీద ఒకటి జరిగాయి. విమానాలకు వాడే పొరల పలకలలో పొరలు అంటుకొనే ఉన్నా లోలోపల ఇలాగే కొంత ఒరుగుతాయి. పలుచని పలకకైతే దానిని లెక్కలో వదిలేసినా ఫరవాలేదు. మందము పెరిగితే లెక్క తప్పుతుంది. బరువు పడితే ఎంత వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అని ముందే తెలుసుకొనే చదువు మాది" అన్నాడు.

ఆ ఒరుగుడును మరింత సరిగా లెక్కగట్టే సిద్ధాంతమును 1984లో ప్రచురించినది మన తెలుగువారే. 1945లో వరంగల్లులో పుట్టిన జె.ఎన్‌.రెడ్డి గారు ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో హంట్స్‌విల్‌లోని అలబామా విశ్వవిద్యాలయము నుండి 1974లో ఇంజనీరింగ్ మెకానిక్స్‌లోనే డాక్టరేటు పొందారు. 2019లో ఈ రంగములో ఎంతో గౌరవప్రదమైన టిమోషెంకో పతకము ఆయనకు లభించింది. గమనించారా? పట్టా వచ్చిన పదేళ్లకు గాని ఆ సిద్ధాంతము అచ్చు కాలేదు. ఇది తొందరగా కాపుకు వచ్చే చెట్టు కాదు.

అయితే ఇల్లు గడవాలి గదా! 2023 జనవరి నుండి వర్తించేలా సవరించిన ప్రకారము ఐ.ఐ.టి.ల వంటి కేంద్ర సంస్థలలో పరిశోధక విద్యార్థికి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత మూడేళ్లు 42,000 రూపాయల ఫెలోషిప్ నిర్ణయించారు. అన్ని విశ్వవిద్యాలయాలలోను, అందరికీ ఈ సొమ్ము రాదు. కనుక చేరకముందే అడిగి తెలుసుకోవాలి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారము ఈ చదువుకు కనీసము మూడేళ్లు, సాధారణముగా గరిష్ఠముగా ఆరేళ్లు.

అబ్బాయితో ఒక మాట చెప్పాను: "ఉద్యోగము దొరికేవరకు తలదాచుకోవడానికైతే వెళ్లవద్దు. నెలల తరబడి చేసిన పని ఒక్కరోజులో తప్పని తేలవచ్చు. పక్కన మార్కులు వేసేవారుండరు. ఏ ప్రొఫెసరు దగ్గర చేరతావో, ఆయన దగ్గర ఇప్పుడు చదువుతున్నవారితో ముందు మాట్లాడు. ఇంటికి నెలకెంత పంపగలవో ఇవాళే నాన్నగారికి చెప్పు."

తండ్రితో మరొక మాట: "ప్రతి పెళ్లిలోను, పండుగలోను నలుగురి ముందు 'ఎప్పుడు అవుతుందిరా?' అని అడగకండి. అమ్మాయి పెళ్లి బరువంతా వాడి ఒక్కడి మీదనే పెట్టకండి."

ఆయన కాసేపు మౌనముగా కూర్చున్నారు. తరువాత కొడుకు వైపు తిరిగి, "ఆ పుస్తకము ఇంకోసారి వంచరా, నేను సరిగా చూడలేదు" అన్నారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఇంకా చదువుతానంటే కాదనేముందు, అవుననేముందు, ఏమి చదువుతాడో ఒకసారి కూర్చోబెట్టి చెప్పించుకోండి. లెక్కలు ఆ తరువాత వేసుకోవచ్చు.